హెప్సీ కాలేజీ, బావ చేసిన ముక్కాలి పీట

నేవన్, ఐర్లాండు
శనివారం మధ్యాహ్నం

నా ప్రియమైన సువార్తక్కకి, నీ చెల్లెలు కరుణమ్మ యేసయ్య నామంలో వందనాలు చెప్పి రాసుకునేది. బావకి కూడా నా వందనాలు. దేవుడి దయ వల్ల ఇక్కడ మేం ముగ్గురం, నేనూ, అల్లుడు ప్రభాకరూ, మనవరాలు హెప్సీ, ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వెట్టా ఉన్నావు? నీ మోకాళ్ళ నొప్పులు ఎట్టా ఉన్నయి? బావకి ఆ పొడిదగ్గు తగ్గిందా లేదా? మన చీరాలలో మళ్ళీ జబ్బు ఎక్కువైందని విన్న కాడ్నించీ నాకు ముద్ద దిగడం లేదు. బావని వడ్రంగం కొట్టు కొన్నాళ్ళు తెరవొద్దని చెప్పు. తలుపులూ కిటికీలూ ఇప్పుడు ఎవరికీ తొందర లేదు. మీరు టీకా వేయించుకున్నారా? నాకు ఒక డోసు వేశారు. రెండు రోజులు చెయ్యి లాగింది, అంతకు మించి ఏం కాలేదు. భయపడకుండా వేయించుకో అక్కా.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, అందుకే కాయితం పట్టుకున్నాను. పోయిన నెల నీతో మాట్లాడాలని ఫోన్లో అరుస్తుంటే పక్కింటి బ్రైడీ అనే ముసలమ్మ, ఏదో అయిపోయిందని పరిగెత్తుకొచ్చి కిటికీ కొట్టింది. పాపం మంచిది. మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడి "ఆర్ యూ గ్రాండ్, లవ్?" అంది. ఇక్కడ అందరూ ఆ మాటే అంటారు. బాగున్నావా అంటే గ్రాండ్. వాన వెలిస్తే గ్రాండ్. టీ చాలా అంటే గ్రాండ్. నేను కూడా గ్రాండ్ అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. నాకు తెలిసిన ఇంగ్లీషు అంతవరకే.

మే నెల వచ్చినా ఇక్కడ స్వెటరు తీయడానికి లేదు. మీకు రోళ్ళు పగిలే ఎండలు, మాకు సన్నటి జల్లు, అది పడుతున్నట్టు కూడా తెలియదు, బట్టలు మాత్రం ఆరవు. మొన్నటిదాకా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసోళ్ళు, ఆపి అడిగేవాళ్ళు. అందుకని మన సరుకులు దొరికే కొట్టుకి పోలేక మూడు నెలలు చింతపండు లేకుండా గడిపాం. టమాటాలతోనే చారు. అల్లుడు ఏం పెట్టినా మాట్లాడకుండా తింటాడు. ఇప్పుడు కాస్త సడలించారు కాబట్టి పోయిన వారం డబ్లిన్లో బోమాంట్ ఆస్పత్రికి నర్సు డ్యూటీకి పోయి వస్తా వస్తా బెండకాయలు, చింతపండు, సాంబారు ఉల్లిపాయలు తెచ్చాడు. ఆ బెండకాయలు చూసి నేనూ హెప్సీ పండగ చేసుకున్నాం. కారం డబ్బా అయిపోవస్తంది. అది తర్వాత రాస్తాను.

ఈస్టరు వెళ్ళిన వారానికి మన సునీత వెళ్ళిపోయి ఏడాది నిండింది. జ్ఞాపకార్థం కూడిక పెట్టుకున్నాం. అది కూడా కంప్యూటర్లోనే. పాస్టరుగారు ఒక గడిలో, పాట పాడేవాళ్ళు ఇంకో గడిలో. పాట ఒకరికి ముందు, ఒకరికి వెనక వినపడింది. చివర్లో అందరూ చేతులు ఊపి ఒకరి తర్వాత ఒకరు మాయమైపోయారు. మన ఇంట్లో అయితే కూడిక అయ్యాక చాపలు ఎత్తేటప్పుడు, గ్లాసులు కడిగేటప్పుడు గదా అసలు మాటలు మాట్లాడుకునేది. నువ్వు నా పక్కన కూర్చుని, "ఏడవ్వే, ఏడిస్తే తేలికవుద్ది" అనేదానివి. ఇక్కడ కంప్యూటర్ మూసేస్తే ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం.

అక్కా, నీకు పోయిన ఏడాది సరిగ్గా రాయలేకపోయాను. చెయ్యి ఆడలేదు. ఆరు నెలలకని బిడ్డ దగ్గరికి వచ్చినదాన్ని, వచ్చిన మూడో నెలలోనే ఆ బిడ్డని సాగనంపాను. ముసలివాళ్ళ హోములో కేరరుగా చేసేది గదా. అక్కడ జబ్బు వచ్చింది. వద్దన్నాను. "సెలవు పెట్టవే" అన్నాను. "నేను సెలవు పెడితే వాళ్ళకి అన్నం ఎవరు పెడతారమ్మా" అంది. దాని ఒంట్లో జ్వరం వచ్చాక పై గదిలో ఉండి, తలుపు బయట కంచం పెట్టించుకునేది. ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు మెట్ల మీద నుంచి చూసి "వచ్చేస్తానమ్మా" అంది. మళ్ళీ చూసింది ఫోన్లోనే, ఒక్కసారి. పెట్టె మూసే ఇచ్చారు. పదిమందికే అనుమతి. కానీ ఒకటి చెప్పాలి. బండి మా వీధిలో నుంచి పోతుంటే ప్రతి ఇంటి ముందూ జనం నిలబడ్డారు. మాకు ముఖం తెలియని వాళ్ళు. వానలో, దూరం దూరంగా, తలలు వంచుకుని. సమాధుల తోట దాకా అట్టాగే. ఇక్కడి వాళ్ళ పద్ధతంట. తాకకుండా, దగ్గరికి రాకుండా కూడా మనిషిని సాగనంపొచ్చని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. హెప్సీ బడి చదువు ఈ నెలతో అయిపోతంది. కాలేజీకి పోవాలి. పద్దెనిమిది ఏళ్ళు నిండినయి, అచ్చం సునీత నడకే. అల్లుడికి ఏమో అది మందుల తయారీ చదవాలని. కార్క్ దగ్గర రింగాస్కిడీ అని ఓడరేవు ఉంది, అక్కడ మందుల ఫ్యాక్టరీలు ఉన్నయంట. అతని చిన్నాన్న కొడుకు అక్కడే పనిచేస్తాడు. తెల్లకోటు, గాజు గదులు, రోగి ముఖం చూసే పనే లేదు. అల్లుడికి అదే నచ్చింది. "నేను నర్సుగా చూసింది చాలత్తయ్యా. సునీత చేసింది చాలు. నా బిడ్డ మాత్రం జబ్బు మనుషులకి దూరంగా బతకాలి" అన్నాడు. నాకు కూడా ఆ మాట చల్లగా తగిలింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేను వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే హెప్సీ వచ్చి ప్రెస్‌కి ఆనుకుని నిలబడింది. ప్రెస్ అంటే ఇక్కడ గిన్నెలు పెట్టే గోడ బీరువా. ఆ పిల్లకి తెలుగు అంతా తెలుసు, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెప్పుద్ది, అదీ ఈ ఊరి యాసలో. ఏదన్నా ముఖ్యమైన సంగతి ఉంటే మాత్రం తెలుగులోకి దిగుద్ది. ఆ రోజు తెలుగులోకి దిగింది.

"అమ్మమ్మా, నేను మందులు చదవను. నేను జెరంటాలజీ చదువుతా."

"అదేంది?"

"ముసలితనం గురించిన చదువు. టూ ఇయర్స్. ముసలివాళ్ళని ఎట్టా చూసుకోవాలో."

"ముసలితనానికి చదువేంది? అది దానంతటదే వచ్చుద్ది గదా" అన్నాను.

నవ్వింది గానీ కదల్లేదు. "అమ్మ పని నేను చేస్తా" అంది.

అక్కా, నేను ఏం అన్నానో రాయడానికి సిగ్గేస్తంది. ఆ పనే నా బిడ్డని మింగింది, ఇప్పుడు నువ్వు కూడా పోతావా అన్నాను. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. అది కూడా మాట్లాడలేదు. మొండిది. ఎవరి పోలికో నీకు తెలుసు. మా ఇద్దరి మధ్యా అల్లుడు, "అత్తయ్యా, మీరు ఏదంటే అదే. మీరు వద్దంటే అది వినుద్ది. సునీత అమ్మ మాట అంటే దానికి సునీత మాటే" అని నా నెత్తిన పెట్టి డ్యూటీకి పోయాడు.

మూడో రోజు హెప్సీ కంప్యూటర్ పట్టుకొచ్చింది. ఈ జబ్బు మూలంగా కాలేజీలు కూడా లోపలికి రానీయడం లేదు, వాళ్ళే కంప్యూటర్లో కనపడి కాలేజీ చూపించి, మనం అడిగినవాటికి జవాబులు చెప్తారంట. మూడు కాలేజీలు ఉన్నయి. "నా పక్కన కూర్చో అమ్మమ్మా. చూసి, అప్పుడు వద్దని చెప్పు" అంది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన కాదు, నీకు ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. "సరే. నేను ఒక్కటే ప్రశ్న చెప్తా. మూడు కాలేజీలనీ అడుగు. ఒక్కళ్ళు కూడా సరిగ్గా చెప్పకపోతే మీ నాన్న చెప్పిన చదువు చదవాలి. ఒప్పుకుంటావా?" అన్నాను. ఎవ్వళ్ళూ చెప్పలేరనే నా ధీమా. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకి అట్టాంటివి ఎక్కడ తెలుసు? అందుకే అడిగాను, ఓడించడానికే.

"ఏం ప్రశ్న?"

"మంచం పట్టిన ముసలివాళ్ళకి అన్నం తినిపించేటప్పుడు నిలబడి తినిపించాలా, కూర్చుని తినిపించాలా?"

హెప్సీ నా వంక చూసింది. "దట్స్ ఇట్?" అంది. అంతే అన్నాను.

ఆ ప్రశ్న నాది కాదు, నీదే అక్కా. గుర్తుందా? అమ్మకి పక్షవాతం వచ్చిన కొత్తల్లో నేను నిలబడి ముద్ద పెట్టబోతే నువ్వు నా చెయ్యి పట్టుకుని లాగావు. "నువ్వు పైన నిలబడితే ఆమె తల ఎత్తాలి. తల ఎత్తితే గుటక అడ్డం తిరుగుద్ది. కిందికి కూర్చో, ఆమె కళ్ళకి నీ కళ్ళు కాస్త కిందగా ఉండాలి" అన్నావు. అక్కడ కూర్చోవడానికి కుర్చీ ఎత్తయింది, నేల లోతయింది. బావ సాయంత్రానికల్లా ముక్కాలి పీట చేసిచ్చాడు. వేప చెక్క. మోకాలికి బెత్తెడు తక్కువ. ఆరేళ్ళు ఆ పీట మీద నువ్వొక పూట, నేనొక పూట. సునీత అప్పుడు చిన్నది, బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ కూడా దించకుండా అమ్మమ్మ గిన్నెలో పెరుగన్నం దొంగతనంగా ఒక ముద్ద తినేది. అమ్మకి మాట రాకపోయినా కళ్ళతోనే నవ్వేది. ఆ నవ్వు కోసమే అది రోజూ దొంగతనం చేసేదని నాకు చాన్నాళ్ళకి తెలిసింది.

నాలుగేళ్ళ కిందట సునీత సెలవులకి వచ్చినప్పుడు ఆ పీట అడిగి తీసుకుంది గదా. కాళ్ళు ఊడదీసి చీరల్లో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. మనం నవ్వాం, అక్కడ స్టూళ్ళు దొరకవా అని. దొరుకుతయి గానీ అన్నీ ఎత్తే. హోములో వాలు కుర్చీల్లో ఉండే వాళ్ళకి ఆ పీట మీద కూర్చునే తినిపించేదంట. అక్కడి వాళ్ళు దానికి "సునీత స్టూల్" అని పేరు పెట్టారంట.

అది వెళ్ళిపోయాక హోము నడిపే ఆవిడ నల్ల సంచిలో దాని వస్తువులు తెచ్చి గుమ్మంలో పెట్టి, మూడు రోజులు ముట్టుకోవద్దని సైగ చేసి పోయింది. చెప్పులు, ఊలు స్వెటరు, అన్నం డబ్బా, ఆ పీట. మూడు రోజులు అయ్యాక కూడా నాకు భయం పోలేదు. ఇంట్లో పిల్ల ఉందని అన్నీ బ్లీచింగ్ నీళ్ళల్లో ముంచాను. పీటని బ్రష్ పెట్టి రుద్దాను, రుద్దీ రుద్దీ నా చేతులు పొక్కిపోయినయి. ఎన్నేళ్ళ కొబ్బరినూనె చేతుల నలుపు, నీ చేతులది, నావి, నా బిడ్డవి, అంతా పోయి చెక్క ఎముక మాదిరి తెల్లగా అయిపోయింది. స్వెటరులో దాని వాసన ఉండేది, అది కూడా పోయింది. ఆరేసిన తర్వాత బుద్ధి వచ్చింది. ఏం చేశానే దేవుడా అనుకుని, పీట కళ్ళ పడకుండా పెరట్లో షెడ్లో పెట్టి తలుపు వేశాను. ఏడాది ఆ తలుపు తీయలేదు.

కాలేజీల సంగతి చెప్తా, వాళ్ళ మాటలన్నీ హెప్సీ నాకు తెలుగులో చెప్పినవే. మొదటిది డబ్లిన్లో. గాజు అద్దాల మేడ, లోపల చెట్లు. కుర్రోడు గబగబా బొమ్మలు మార్చుకుంటా పోయాడు. హెప్సీ నా ప్రశ్న అడిగితే "గ్రేట్ క్వశ్చన్" అని మెచ్చుకుని, అది రెండో ఏడు పాఠాల్లో వచ్చుద్దని చెప్పి ఇంకో బొమ్మకి పోయాడు. నేను హెప్సీ వంక చూసి ఒక వేలు మడిచాను. రెండోది దూరం, పడమటి సముద్రం వైపు. అక్కడి ఆయన నిదానస్తుడే. వాళ్ళ దగ్గర మనిషంత బొమ్మ ఉందంట, నోట్లో ఆహారం పెడితే ఎక్కడికి పోయిందో దీపం వెలిగి చెప్పుద్దంట. నిలబడాలా కూర్చోవాలా అంటే, హోమును బట్టి, సిబ్బందిని బట్టి, వీలును బట్టి అన్నాడు. రెండో వేలు మడిచాను. హెప్సీ ముఖం చిన్నబోయింది. నాకు సంతోషం వేసింది అక్కా, అబద్ధం ఎందుకు. ఆ సంతోషంలో పళ్ళెం నిండా పకోడీలు వేశాను. హెప్సీ ఒక్కటి కూడా ముట్టలేదు.

మూడోది చిన్న కాలేజీ. నేవన్ నుంచి బస్సులో గంట. ఆ రోజు కనపడింది ఒక పెద్దావిడ, బొత్తిగా నెరిసిన జుట్టు, చెవుల దాకా కత్తిరించుకుంది. తన ఇంటి వంటింట్లోనే కూర్చుని మాట్లాడింది. వెనక ఎక్కడో కుక్క అరిచింది. "హుష్" అని దాన్ని అదిలించి మళ్ళీ మొదలుపెట్టింది. హెప్సీ నా ప్రశ్న అడిగింది.

ఆవిడ చెప్పడం ఆపేసింది. కళ్ళద్దాలు తీసి, "ఎవరు అడగమన్నారు?" అంది.

"మా అమ్మమ్మ" అంది హెప్సీ.

"ఉందా అక్కడ? రమ్మను. నేను చెప్పడం కాదు, ఆమెనే చూపించమను."

"నాకెందుకే, నేనేం చదివాను, ఐదో తరగతి" అన్నాను. హెప్సీ నన్ను చెయ్యి పట్టి లాగి తెర ముందుకి తెచ్చింది. ఆవిడ చెయ్యి ఊపింది. "కూర్చుని తినిపిస్తావా, నిలబడా?" అని అడిగింది, హెప్సీ తెలుగులో చెప్పింది. నేను చెప్పబోయి ఆగి, అట్టాగే వెనక తలుపు తీసుకుని పెరట్లోకి పోయాను. సన్నటి జల్లు పడుతోంది. షెడ్ గొళ్ళెం బిగుసుకుపోయి ఉంటే చెప్పుతో కొట్టి తీశాను. పీట అక్కడే ఉంది, తెల్లగా, ఒక మూల సాలెగూడు. కొంగుతో తుడిచి తెచ్చాను.

హెప్సీని సోఫాలో వెనక్కి వాలి కూర్చోమన్నాను. పొద్దుటి పెరుగన్నం గిన్నెలో ఉంది. పీట వేసుకుని, దాని కళ్ళకి నా కళ్ళు కాస్త కిందగా కూర్చున్నాను, నువ్వు చెప్పినట్టే. చెంచాతో ముద్ద తీశాను. గుటక పడేదాకా ఆగి, రెండోది తీశాను. ఆవిడ తెర దగ్గరికి వంగి చూస్తంది. ఆమె ముఖం సంతోషంతో వెలిగిపోయింది. "లవ్లీ, లవ్లీ" అంది. వాళ్ళ కాలేజీలో మొదటి రోజునే పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకళ్ళకి ఒకళ్ళు ముందు నిలబడి, తర్వాత కూర్చుని తినిపించమంటారంట. నిలబడి పెడితే ఎట్టా ఉంటదో నోటికి తెలియాలంట, అప్పుడే ఇంకెప్పుడూ నిలబడరంట.

నేను ఓడిపోయాను అనుకున్నాను. అంతటితో అయితే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఆవిడ, "ఒక్కటి చెప్పనా?" అని అడిగింది. "చెంచా నోటి దగ్గరికి తెచ్చే ముందు అందులో ఏముందో చెప్పాలి. ప్రతిసారీ. చూపు ఆనని వాళ్ళకి, మతిమరుపు వాళ్ళకి ఏదో తెలియని వస్తువు మీదికి వస్తున్నట్టు ఉంటది. భయపడి నోరు మూసుకుంటారు. మనం మొండితనం అనుకుంటాం."

హెప్సీ ఆ మాటలు తెలుగులోకి మార్చి చెప్తుంటే నా చెంచా అట్టాగే గాల్లో ఆగిపోయింది.

అక్కా, అమ్మకి ఆఖరి రెండేళ్ళు చూపు ఆనలేదు గదా. ముద్ద పెడుతుంటే పెదాలు గట్టిగా బిగించేది. "తెరువమ్మా నోరు, ఎంతసేపు కూర్చోవాలి" అని నేను కసురుకున్నాను. నువ్వు కూడా కసురుకున్నావు. వయసు పైబడి మొండితనం వచ్చింది అనుకున్నాం. పీట సరిగ్గా వేశాం, ఎత్తు సరిగ్గా చూశాం, గుటక పడేదాకా ఆగాం, ఇది పప్పన్నం అమ్మా, ఇది పెరుగు అమ్మా, అని ఒక్క మాట చెప్పలేదు. మనకి తట్టలేదు. ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళు చేసినా ఆ ఒక్కటి మనకి తెలియలేదు. బాధపడమని రాయడం లేదు. నీకు చెప్పకుండా దాచుకోలేక రాస్తున్నాను. మనం చేతనయింది అంతా చేశాం. అమ్మకి అది తెలుసు.

హెప్సీ మెల్లగా, "చెప్పి పెట్టాలని మా అమ్మకి తెలుసు అమ్మమ్మా. ఉద్యోగంలో చేరే ముందు చిన్న కోర్సు చేసింది గదా. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా చెప్పి పెట్టేది. ఇది రసం, ఇది రసంలో అన్నం, అని" అంది.

నా కడుపున పుట్టిన పిల్ల, నాకు తెలియంది నేర్చుకుంది. నేర్చుకుని, ఎవరో ముసలివాళ్ళకి, వాళ్ళ భాషలో, చెంచాలో ఏముందో చెప్పి తినిపించింది. అది ఇన్నాళ్ళూ ఏం పని చేసిందో నాకు ఆ రోజు తెలిసింది. అన్నం పెట్టే పని అనుకున్నాను. భయం తీసే పని.

నేను ముద్ద తీసి, "ఇది పెరుగన్నం హెప్సీ" అన్నాను. పిల్ల నోరు తెరిచింది. నమలకుండానే ఏడుపు వచ్చేసింది దానికి. తల్లి పోయిన రోజు కూడా మా ముందు ఏడవని పిల్ల. తెరలో ఆవిడ కంప్యూటర్ కట్టేయకుండా అట్టాగే కూర్చుంది. ఆమె కుక్క వచ్చి ఆమె ఒళ్ళో మూతి పెట్టింది. మేం సర్దుకున్నాక, "రావాలనిపిస్తే రా" అంది హెప్సీతో. అంతే.

సాయంత్రం అల్లుడు డ్యూటీ నుంచి వచ్చాడు. పీట ఇంకా ముందు గదిలోనే ఉంది. నేను తీయడం మర్చిపోయాను. అతను దాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు. తర్వాత దాని మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. లేచి, దాన్ని షెడ్లో పెడతాడేమో అని నేను చూస్తున్నాను. తీసుకెళ్ళి గోడ హీటరు పక్కన పెట్టాడు, తడి ఆరడానికి.

"ఏ కాలేజీ?" అన్నాడు.

"బస్సులో గంట. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి వచ్చేయొచ్చు" అన్నాను నేనే.

"మీరు ఒప్పుకున్నారా అత్తయ్యా?"

"పరీక్ష పెట్టింది నేనే గదా. ప్యాసయ్యారు వాళ్ళు" అన్నాను.

ఏడాది తర్వాత అల్లుడు నవ్వడం చూశాను. "రింగాస్కిడీలో మా వాడికి నేను ఏం చెప్పాలి ఇప్పుడు" అన్నాడు. హెప్సీ మెట్ల మీద నుంచి, "టెల్ హిమ్ ఐమ్ గ్రాండ్" అని అరిచింది.

నాకు భయం పోలేదు అక్కా. పోయిందని రాస్తే అబద్ధం. అది యూనిఫారం వేసుకుని మొదటి రోజు బయటికి అడుగు పెట్టినప్పుడు నేను ప్రార్థన చేసుకుంటా గుమ్మంలోనే నిలబడతాను. కానీ ఆపితే మాత్రం నా బిడ్డ చేసిన పనిని తప్పు అన్నట్టే గదా. ఆ మాట నేను అనలేను. మొన్న మంగళవారం సీటు ఖాయమని కంప్యూటర్లో ఉత్తరం వచ్చింది. సెప్టెంబర్లో మొదలు. దాని కోసం ప్రార్థన చేయండి నువ్వూ బావా. మీ ఇద్దరి దీవెన ముందు కావాలి దానికి. పెద్ద అమ్మమ్మవి గదా, నీకు రాయమంటే ఈ కింద దాని చేత్తో పూర్తి పేరు రాసింది, తెలుగులో. వంకర ఉన్నా నవ్వొద్దు. ఇంట్లో నేను నేర్పుతున్నాను.

నాకు ఇక్కడ ఉండటానికి అనుమతి వాళ్ళే పొడిగిస్తా వస్తున్నారు. విమానాలు మామూలుగా తిరిగాక ఒకసారి వస్తాను. సునీత ఫోటో, పెళ్ళిది కాదు, మన ఇంటి అరుగు మీద రెండు జడలతో ఉన్నది, నీ పెట్టెలో ఉంటది. అది దాచి ఉంచు. ఎవరన్నా ఇటు వచ్చేవాళ్ళు ఉంటే నీ చేత్తో కొట్టిన కారం ఒక కేజీ పంపు. వెల్లుల్లి ఎక్కువ వేయొద్దు, పెట్టె అంతా వాసన కొడుద్ది.

బావని ఒకటి అడుగు. బ్లీచింగ్ తగిలి తెల్లబారిన వేప చెక్కకి ఏం రాయాలి? ఆముదమా, కొబ్బరినూనా? నాకు తోచక రోజూ సాయంత్రం దాని మీద కాసేపు చేతులు వేసుకుని కూర్చుంటున్నాను, నూనె చేతులతో. మెల్లగా రంగు తిరుగుతున్నట్టే ఉంది.

చర్చిలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. ఎదురింటి దానమ్మ వదినని అడిగానని చెప్పు. నీ ఆరోగ్యం జాగ్రత్త. మాస్కు లేకుండా మార్కెట్‌కి పోవద్దు. పోవద్దంటే పోవద్దు. నేను మళ్ళీ చెప్తున్నాను, మేం బాగానే ఉన్నాం, నువ్వు దిగులు పెట్టుకోవద్దు. దేవుడు మిమ్మల్ని రెక్కల చాటున కాయాలని రోజూ మోకరిస్తున్న

నీ చిన్న చెల్లెలు
కరుణమ్మ

హెప్సిబా

ఇంకొక మాట రాయడం మర్చిపోయాను. ఈ కవర్లో ఒక దారం పెట్టాను, పారేయొద్దు. బావ ఇంకో ముక్కాలి పీట చేయాలి, హెప్సీకి. సునీత పొట్టిది, ఈ పిల్ల కాళ్ళు పొడుగు, పాత పీట మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నయి. దారానికి రెండు ముడులు వేశాను. కింద ముడి పాత పీట ఎత్తు, పై ముడి కొత్తదానికి, నాలుగు వేళ్ళు ఎక్కువ. బావని పై ముడి దాకా చేయమను. కింద ముడిది వద్దు. అది మా ఇంట్లోనే ఉంది.